సొంత యూనిట్టా, లైసెన్సా?

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో కొత్త యంత్రం తయారుచేసిన యువకులకు ఎదురయ్యే ప్రశ్న ఇది: సొంతంగా యూనిట్ పెట్టాలా, తయారీ హక్కును లైసెన్సుగా కంపెనీకి ఇవ్వాలా?

ఖర్చు: యూనిట్‌కు షెడ్డు, జీతాలు, అప్పు. లైసెన్సుకు మంచి న్యాయవాది. పేటెంటు (ఆవిష్కరణపై చట్టబద్ధ హక్కు) రుసుము రెండింటికీ.

రిస్కు: యూనిట్ మునిగితే అప్పు మీదే. లైసెన్సు తీసుకున్న కంపెనీ మీ యంత్రాన్ని మూలన పడేయవచ్చు. పేటెంటు గడువేమో 20 ఏళ్లే. అందుకే కనీస రాయల్టీ (యంత్రం అమ్మినా అమ్మకపోయినా కంపెనీ మీకివ్వాల్సిన సొమ్ము) షరతు తప్పక రాయించుకోండి.

ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తయారుచేసిన ఆసు యంత్రాన్నే (చీర నేతకు ముందు నూలు చుట్టే యంత్రం) చూడండి. మేకుల చుట్టూ గంటల తరబడి నూలు తిప్పే తల్లి భుజాల నొప్పిని ఇంట్లోనే చూసి ఆయన దాన్ని తయారుచేశారు. కొనేవారు పక్క ఊళ్లోనే ఉండి, మరమ్మతుకు మీ గడపకే వచ్చే ఇలాంటి యంత్రానికి సొంత యూనిట్టే సరి. పరీక్షలకు, అనుమతులకే ఏళ్లు పట్టే వైద్య పరికరమైతే లైసెన్సే మేలు. ఏ దారైనా, ప్రదర్శనలో పెట్టకముందే పేటెంటు దరఖాస్తు వేయండి.