గడ్డి ట్రే: పొద్దంతా డ్యూటీకి పోయే ఇంట్లో చిన్న కుక్కకు పనికొస్తుందా?

ఆన్‌లైన్‌లో ‘డాగ్ పాటీ ట్రే’ అని వెతికితే కనిపించే సరుకంతా దాదాపు ఒకే తీరు. పైన ప్లాస్టిక్ గడ్డి పట్టా, దాని కింద రంధ్రాల జాలీ, అడుగున ఉచ్చ నిలిచే ట్రే. సైజును బట్టి, అమ్మేవాళ్లను బట్టి వెయ్యి నుంచి రెండు వేల రూపాయల దాకా చెప్తారు. నల్లగొండలోనో పాలమూరులోనో రెండు గదుల ఇంట్లో షిట్జూనో, పామ్‌నో (పొమెరేనియన్), పగ్‌నో పెంచుకుంటూ, పొద్దున ఎనిమిదింటికి తాళం వేసి సాయంత్రం అయిదింటికి తీసేవాళ్లు దీన్ని కొనొచ్చా అంటే, కొనొచ్చు. ట్రే, జాలీ కోసం కొనండి. గడ్డి కోసం మాత్రం కాదు. ఈ సెట్టులో మొదట కంపు కొట్టేదీ, మొదట పాడయ్యేదీ అదే.

ముందు లెక్క చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు కిలో బరువుకు గంటకు ఒకటి రెండు మిల్లీలీటర్ల మూత్రం తయారవుతుంది. అయిదు కిలోల షిట్జూ అయితే తొమ్మిది గంటల డ్యూటీలో 45 నుంచి 90 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న చాయ్ గ్లాసంత. ఏ ట్రేకైనా అదొక లెక్క కాదు. కాబట్టి డబ్బా మీద ‘లీటరు పడుతుంది’ అని రాసి ఉంటే మురిసిపోనక్కర్లేదు. చూడాల్సింది వెడల్పు. కుక్క ఒంటికి పోయే ముందు వాసన చూస్తూ రెండు చుట్లు తిరుగుతుంది. ముందు కాళ్లు ట్రేలో, వెనక కాళ్లు బండ మీద పెట్టి పోసిందంటే తప్పు కుక్కది కాదు, ట్రే చిన్నది. షిట్జూకు, పగ్‌కు 25 బై 20 అంగుళాలకు తగ్గొద్దు. పిల్లే కదా అని చిన్నది తెస్తే ఆరు నెలలకు మళ్లీ కొనాలి.

ఇక గడ్డి. కుక్కపిల్ల ఎక్కడ పోయాలో కళ్లతో కన్నా కాళ్లతో ఎక్కువ గుర్తుపెట్టుకుంటుంది. కాళ్ల కింద ఏది తగిలితే అక్కడ పోయడం చిన్నప్పుడే అలవాటవుతుంది. గడ్డి మీద నేర్పితే రేపు బయట కూడా గడ్డి మీదే పోస్తుందని అమ్మేవాళ్ల మాట. మన కాలనీల్లో బయట గడ్డి ఏదీ? గేటు దాటితే సీసీ రోడ్డు, పక్కన కంకర, మట్టి. ఇంట్లో మాత్రం ఆ గరుకు గడ్డికి దగ్గరగా ఉండేది ఒకటుంది, గడప ముందరి డోర్‌మ్యాట్. గడ్డి ట్రే మీద నేర్చుకున్న పిల్ల డోర్‌మ్యాట్ మీద, బాత్రూం ముందరి పట్టా మీద పోస్తుందన్న ఫిర్యాదు తరచుగా వినిపించేది ఇందుకే. గుడ్డతో చేసిన, ఉతికి వాడుకునే ప్యాడ్‌లతోనూ ఇదే తంటా. అవి వాడేట్టయితే మూడు నాలుగు నెలలు ఇంట్లో డోర్‌మ్యాట్‌లన్నీ తీసి పైన పెట్టాల్సిందే.

గడ్డితో ఇంకో రెండు చిక్కులున్నాయి. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పాలపళ్లు రాలి కొత్త పళ్లు వచ్చేటప్పుడు పిల్ల ఆ పోచల్ని పీకి మింగుతుంది. వాంతులు మొదలైతే పేగులో అడ్డం పడిందేమో చూపించాలి. రెండోది, పోచల మొదళ్లలో ఉచ్చ నిలిచిపోతుంది. అందులోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. ఎంత ఉక్కపోస్తే అంత తొందరగా. మన దగ్గర ఏప్రిల్, మే ఎండలకు తలుపులు మూసిన ఇంట్లో సాయంత్రం తాళం తీయగానే ముక్కుకు తగిలేది ఆ ఘాటే.

అందుకే గడ్డి పట్టా తీసి పక్కన పెట్టి, జాలీ కింద ట్రేలో ఒక డిస్పోజబుల్ ప్యాడ్ పరచండి. ఇప్పుడు ఈ సెట్టు అసలు పనిలోకి వస్తుంది. ప్యాడ్‌లో పైన పలుచని గుడ్డలాంటి పొర, మధ్యలో దూది, తడిని జెల్‌గా పట్టేసే పొడి, అడుగున ప్లాస్టిక్ ఉంటాయి. నేల మీద ఉత్తగా పరిస్తే పిల్ల దాన్ని చింపి ఆ జెల్ తింటుంది. పైగా ఒకసారి తడిసిన ప్యాడ్ మీద రెండోసారి కాలు పెట్టడానికి చాలా కుక్కలు ఇష్టపడవు, అంచు దాటి పోస్తాయి. అందుకే ఉత్త ప్యాడ్‌లతో నడిపే ఇంట్లో రోజుకు రెండు మూడు అయిపోతాయి. జాలీ కింద ఉంటే పంటికి అందదు, కాళ్లకు తడి అంటదు, రోజుకు ఒకటి చాలు. ప్యాడ్ ఇరవై రూపాయలు అనుకుంటే నెలకు కనీసం 1,200 పోయే చోట 600తో సరి. అదీ వద్దనుకుంటే నాలుగైదు పేపర్లు మడిచి వేయొచ్చు. తడి పీల్చుకుంటాయి కానీ వాసన ఆపవు.

జాలీ రంధ్రాలు చూసి తీసుకోండి. మీ చిటికెన వేలు దూరేంత ఉంటే పామ్ పిల్ల గోరు అందులో ఇరుక్కుంటుంది. ఒకసారి అలా జరిగితే మళ్లీ ట్రే ఎక్కమన్నా ఎక్కదు. దొడ్డికి కూడా జాలీ మీదే పోతుంది కాబట్టి మలం గట్టిగా ఉండాలి. పాలన్నం పెట్టే ఇళ్లలో ఇక్కడే దెబ్బ. చాలా కుక్కలకు పాలు అరగక విరేచనాలవుతాయి, జాలీ మొత్తం పూసుకుపోతుంది. తిండి మార్చకుండా ట్రేను తిట్టి లాభం లేదు.

ట్రే కొనడంతో పని అయిపోదు. ఇల్లంతా వదిలేసి ట్రే ఒక మూలన పెడితే పిల్ల దాన్ని వెతుక్కుంటూ రాదు. నాలుగడుగులు బై నాలుగడుగులు కంచె కట్టండి. మడతపెట్టే ఇనుప కంచెలు దొరుకుతాయి, రెండడుగుల ఎత్తు చాలు. ఒక మూల పడక, దాని పక్కన నీళ్లు, ఎదురు మూల ట్రే. కుక్క తను పడుకునే చోట పోయడానికి ఇష్టపడదు, ఈ ఏర్పాటంతా ఆ గుణం మీదే నడుస్తుంది. అందుకని చిన్న పంజరంలో పెట్టి పొద్దంతా తాళం వేసి పోకూడదు. తప్పనిసరై పడక మీదే పోయడం మొదలుపెట్టిందంటే ఆ గుణమే పోతుంది, తర్వాత నేర్పడం రెట్టింపు కష్టం.

నేర్పేది మీరు ఇంట్లో ఉన్న గంటల్లోనే. నిద్ర లేవగానే, తిన్న పావుగంట ఇరవై నిమిషాలకు, ఆట ఆపగానే మెడబెల్టుకు తాడు కట్టి ట్రే మీదకు తీసుకుపోండి. మూడు నుంచి అయిదు నిమిషాలు కదలకుండా నిలబడండి, మాట్లాడొద్దు. పోయడం పూర్తయిన మరుక్షణమే చిన్న తినుబండారం పెట్టండి. వంటింట్లోకి పోయి తెచ్చేలోపు అది దేనికిచ్చారో కుక్కకు తెలియదు, కాబట్టి జేబులోనే ఉండాలి. పోయకపోతే కంచెలో పది నిమిషాలు ఉంచి మళ్లీ ఎక్కించండి. పొద్దున తిండి ఆరింటికే పెట్టి ఇరవై నిమిషాలకు గిన్నె తీసేస్తే, మీరు బయలుదేరేలోపు దొడ్డికి పోవడం అయిపోతుంది. నీళ్లు మాత్రం తీసేయొద్దు, ఎండాకాలం అసలే వద్దు. ఇంట్లో వేరే చోట పోస్తే మూతి దానికి రాయడం, కొట్టడం చేస్తే అది నేర్చుకునేది ఒకటే: మీరు చూస్తుండగా పోయకూడదని. అప్పటి నుంచి సోఫా వెనక వెతుక్కోవాలి.

ఎన్ని గంటలు ఆపుకోగలదు అంటే, వయసు నెలల్లో ఎంతో దానికి ఒకటి కలిపినన్ని గంటలని మోటు లెక్క. రెండు నెలల పిల్లకు మూడు గంటలే ఎక్కువ. కాబట్టి మొదటి రెండు నెలలు మధ్యాహ్నం ఒకరు వచ్చి తిండి పెట్టి, ప్యాడ్ మార్చి పోవాలి. పక్కింటి పెద్దమ్మో, పనిమనిషో ఒప్పుకోకపోతే పిల్లను తేవడమే వాయిదా వేసుకోవడం నయం. టీచర్లు దసరా సెలవుల్లో తెచ్చుకుంటుంటారు. రోజులు కలిసొస్తాయి గానీ, చుట్టాలతో నిండిన ఇంట్లో పిల్లకు ఏదీ ఒంటబట్టదు. పాలమూరు నుంచి రోజూ హైదరాబాద్‌కు పోయొచ్చేవాళ్లకు, జడ్చర్ల కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లకు ఇంకో మాట. మీ ఇల్లు పదీ పన్నెండు గంటలు మూసి ఉంటుంది. పెద్ద కుక్కయినా అంతసేపు ఆపుకోవడం న్యాయం కాదు. మీకు ట్రే నాలుగు నెలల ముచ్చట కాదు, దాని జీవితాంతం ఉండే మరుగుదొడ్డి.

టీకాల కోర్సు నాలుగు నెలల వయసు దాకా సాగుతుంది. అది పూర్తికాకముందు వీధికుక్కలు తిరిగే చోట పిల్లను దింపితే పార్వో (పిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు) భయం ఉంటుంది, కాబట్టి ఆలోపు ఇంట్లో ట్రే ఎలాగూ కావాలి.

కడగడం దగ్గర మన ఇళ్లకు ప్రత్యేకంగా కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. ఇంటర్నెట్‌లో ప్రతి చోటా ‘వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి తుడవండి’ అని ఉంటుంది. తాండూరు బండలు, షాబాద్ బండలు సున్నపురాయి జాతివి. వెనిగర్ పడితే మెరుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది, అది తుడిస్తే పోదు. గ్రానైట్ మీద, టైల్స్ మీద ఆ బాధ లేదు. బండల సందుల్లోని సిమెంటు ఉచ్చ తాగుతుంది కాబట్టి, పైపైన తుడిస్తే మనకు వాసన రాకపోయినా కుక్కకు వస్తుంది, మళ్లీ అక్కడికే పోతుంది. దీనికి పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనరే (వాసన పుట్టించే పదార్థాన్నే విడగొట్టే ద్రావణం) మందు. ముందు గుడ్డతో అద్ది, సందులు తడిసేలా పోసి, పది పదిహేను నిమిషాలు వదిలేయాలి. అంతకుముందు ఫినాయిల్ కొడితే ఎంజైమ్ పనిచేయదు. ఫినాయిల్ పాదాలకు అంటి, నాకినప్పుడు కడుపులోకి కూడా పోతుంది. బ్లీచింగ్ పౌడర్ ఉచ్చ మీద చల్లడం ఇంకా ప్రమాదం. అమ్మోనియాతో కలిస్తే ఊపిరాడని క్లోరమిన్ గ్యాస్ పుడుతుంది, తలుపేసిన చిన్న బాత్రూంలో మనిషికే ముప్పు.

నల్లగొండ వైపు బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పన. వాటితో కడిగిన ట్రేకు కొన్నాళ్లకు తెల్లటి పక్కు కట్టి, అందులో వాసన పట్టేస్తుంది. ట్రే ప్లాస్టికే కాబట్టి వారానికోసారి వెనిగర్ నీళ్లలో అరగంట నానబెట్టి రుద్దండి. బకెట్లో పెట్టి చేయండి, బండల మీద మాత్రం కాదు.

ట్రేను బాల్కనీలో పెడతామంటే నీడ ఉండాలి. ఎండలో ప్లాస్టిక్ గడ్డి పాదాలు కాలేంత వేడెక్కుతుంది. కోతుల బెడద ఉన్న కాలనీల్లో ఆ ప్యాడ్ మధ్యాహ్నానికి పక్కింటి మేడ మీద దొరుకుతుంది.

మగ కుక్క ఆరు నెలలు దాటాక కాలెత్తడం మొదలుపెడితే చదును ట్రే చాలదు, ధార గోడ మీద పడుతుంది. లీటరు నీళ్ల సీసాలో ఇసుక నింపి ట్రే మధ్యలో నిలబెట్టండి, దాని మీదే పోస్తుంది. గోడ వైపు ఒక పాత ప్లాస్టిక్ షీటు ఆనించండి. కొన్ని సెట్లతో వచ్చే ఆకర్షణ స్ప్రే మీద ఆశ పెట్టుకోవద్దు. కుక్క ఉచ్చనే టిష్యూతో అద్ది జాలీ కింద పెడితే అంతకన్నా బాగా పనిచేస్తుంది.

మిమ్మల్ని చూడగానే సంతోషంతోనో, భయంతోనో నాలుగు చుక్కలు పోస్తే అది ట్రేకు, ట్రైనింగుకు సంబంధించింది కాదు. వంగి పలకరించకుండా, రాగానే హడావుడి చేయకుండా ఉంటే వయసుతో తగ్గుతుంది. బాగా అలవాటైన కుక్క ఉన్నట్టుండి మాటిమాటికీ కొంచెం కొంచెం పోస్తూ, ముక్కుతూ, ఎర్రగా పోస్తుంటే ఆ రోజే పశువుల డాక్టరుకు చూపించాలి.

షాపులో కొంటే మూడు ముక్కలూ విప్పి చూపించమనండి. సొరుగులాగా బయటికి లాగే ట్రే ఉన్నది తీసుకుంటే రోజూ జాలీ ఎత్తే పని తప్పుతుంది. అంచు కనీసం అంగుళమైనా లేకపోతే లాగేటప్పుడు తొణుకుతుంది. జాలీ విడిగా దొరుకుతుందో లేదో అడగండి, దొరకదంటే ఆ మోడల్ వదిలేయండి. పది కిలోలు దాటే కుక్కకు, మధ్యాహ్నం ఎవరో ఒకరు ఇంట్లో ఉండి బయట తిప్పే ఇంటికి ఇది అక్కర్లేదు.