మెమరీ ఉన్న బీపీ మిషన్: డాక్టర్‌కి చూపించడానికి పనికొస్తుందా?

ఆసుపత్రిలో కొందరికి కంగారుతోనే బీపీ పెరుగుతుంది. ఆ ఒక్క రీడింగ్ చూసి మందు పెంచితే ఇంట్లో కళ్ళు తిరుగుతాయి. అందుకే రీడింగులు దాచుకునే మిషన్ కొనడం మంచిదే. మణికట్టుది వద్దు, గుండె ఎత్తులో పట్టుకోకపోతే అంకెలు తప్పొస్తాయి. జబ్బకు కట్టేదే తీసుకోండి.

కొనేముందు జబ్బ చుట్టుకొలత టేపుతో చూసుకోండి. మామూలు పట్టీ చాలావాటిలో 22 నుంచి 32 సెం.మీ. వరకే. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది, ఆ తప్పుడు అంకెకే మందు రాస్తారు.

అపాయింట్‌మెంట్‌కి ముందు 7 రోజులు, పొద్దున మందు వేసుకోకముందు, మళ్ళీ సాయంత్రం, 5 నిమిషాలు కదలకుండా కూర్చుని, నిమిషం తేడాతో రెండేసి సార్లు చూడాలి. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. సగటు 135/85 లేదా అంతకు మించితే ఇంటి కొలతల్లో ఎక్కువే.

ఈ మిషన్లలో నాకు నచ్చనిది గడియారం. బ్యాటరీలు మార్చగానే చాలావాటిలో తేదీ, సమయం పోతాయి. ఏది పొద్దుటిదో, ఏది సాయంత్రానిదో డాక్టర్‌కి తెలియదు. ఇద్దరు వాడితే రీడింగులు కలిసిపోతాయి కూడా, ఇద్దరికి విడి బటన్ ఉన్నదే నయం.

మందు మానేసిన రోజులు మాత్రం ఏ మిషనూ చెప్పదు. అవి కాగితం మీద రాసి, సగటుతో పాటు లోపలికి వెళ్ళగానే చేతికివ్వండి.