కంటైనర్ సాఫ్ట్‌వేర్ కొనేవారికి హెచ్చరిక: ‘ఆర్కైవ్’ నొక్కితే డిటెన్షన్ (కంటైనర్ ఆలస్యపు రుసుము) ఆగదు

విశాఖపట్నం రేవు నుంచి కంటైనర్లు తిప్పే ట్రాన్స్‌పోర్టర్లు, సీహెచ్‌ఏలు (కస్టమ్స్ హౌస్ ఏజెంట్లు) రవాణా సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టే ముందు ఈ సంగతి తెలుసుకోవాలి. మేము ఏడాది చందాకు తీసుకున్న దానిలో ప్రతి షిప్‌మెంట్ పక్కన ‘కంప్లీట్’, ‘ఆర్కైవ్’ అని రెండు బటన్లు ఉన్నాయి. మొదటిది పని ముగిసిందని నమోదు చేసి బిల్లింగ్‌కు పంపుతుంది. రెండవది ఆ వరుసను తెర మీద నుంచి తీసేస్తుంది, అంతే. పని ముగిసిందా లేదా అన్నది దానికి పట్టదు.

సంతకమైన పీఓడీని (సరుకు అందినట్లు రుజువు పత్రాన్ని) స్కాన్ చేసి ఎక్కిస్తే తప్ప ‘కంప్లీట్’ పనిచేయదు. ఆ కాగితం డ్రైవరు దగ్గరే ఉండిపోయి, ఆఫీసుకు ఎప్పటికో చేరడం మన వ్యాపారంలో మామూలే. ఈలోగా తెర నిండిపోతోందని అడిగితే, శిక్షణ ఇవ్వడానికి వచ్చిన కంపెనీ ప్రతినిధే సరుకు దిగినవాటిని ఆర్కైవ్ చేసేయమని మా సిబ్బందికి చెప్పారు. సరుకు దిగడం వేరు, ఎంప్టీ (ఖాళీ కంటైనర్) యార్డుకు చేరడం వేరు అన్న సంగతి కంటైనర్ల సాఫ్ట్‌వేర్ అమ్మేవారికే తెలియకపోవడం విడ్డూరం.

అచ్యుతాపురం వైపు ఒక ఫ్యాక్టరీలో సరుకు దింపిన నలభై అడుగుల కంటైనర్ ఒకటి అలాగే ఆర్కైవ్‌లోకి వెళ్ళింది, ఎంప్టీ మాత్రం ఫ్యాక్టరీ ఆవరణలోనే ఉండిపోయింది. ఆర్కైవ్ చేయగానే ఫ్రీ డేస్ (రుసుము లేకుండా కంటైనర్ ఉంచుకోగల రోజులు) లెక్క, గడువు హెచ్చరికలు రెండూ ఆగిపోతాయని వారు ఎక్కడా చెప్పలేదు. షిప్పింగ్ లైన్ లెక్క ఆగదు కదా! యార్డు గేటులో ఎంప్టీ అప్పగించి ఈఐఆర్ (కంటైనర్ అప్పగింత రసీదు) తీసుకునేదాకా డిటెన్షన్ నడుస్తూనే ఉంటుంది, చాలా లైన్ల టారిఫ్‌లో రోజులు గడిచేకొద్దీ రోజువారీ రేటు కూడా శ్లాబుల వారీగా పెరుగుతుంది. లైన్ నుంచి బిల్లు మెయిల్‌లో వచ్చాకే ఆ కంటైనర్ సంగతి బయటపడింది.

పోనీ త్వరగా ‘కంప్లీట్’ చేద్దామా అంటే, ఆ తర్వాత ఖర్చుల పట్టికకు తాళం పడుతుంది. ఆలస్యంగా వచ్చే లిఫ్టాఫ్ ఛార్జీని (యార్డులో కంటైనర్ దించే రుసుమును) చేర్చడానికి వీలుండదు.

కాబట్టి డెమో చూసేటప్పుడు, ఎంప్టీ తిరిగి చేరని కంటైనర్‌ను మీ ఎదుటే ఆర్కైవ్ చేయించి, సాఫ్ట్‌వేర్ అడ్డుకుంటుందో, కనీసం ఫ్రీ డేస్ లెక్కనైనా కొనసాగిస్తుందో చూడండి. తర్వాత అదే కంటైనర్ నంబరుతో కొత్త ట్రిప్పు తెరిపించండి. నాలుగు అక్షరాలు, ఏడు అంకెల ఆ నంబరు పెట్టెకే గాని ట్రిప్పుకు కాదు, కొన్ని నెలలకు అదే పెట్టె మళ్ళీ మన ట్రైలరెక్కవచ్చు. మా సాఫ్ట్‌వేర్ అప్పుడు ఆర్కైవ్‌లోని పాత రికార్డునే, పాత సీలు నంబరుతో సహా, తెరిచి చూపింది.

ఆర్కైవ్ చేసినవి ఎక్సెల్‌లోకి దిగుతాయో లేదో కూడా అడగండి. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. మాకు దిగిన ఫైలులో ‘కంప్లీట్’ అయినవి మాత్రమే ఉన్నాయి. దీనిపై ఫిర్యాదు చేస్తే, సాఫ్ట్‌వేర్ రూపకల్పనే అంతని, మిగిలిన చందా వాపసు ఇవ్వబోమని కంపెనీ రాతపూర్వకంగా జవాబిచ్చింది.