మూడేళ్ళుగా మా డాబా మీద వెదర్ స్టేషన్: ఆ మబ్బు బొమ్మతో నా గొడవ

ఎండ ఎంత, తేమ ఎంత అనేవి ఏ వెదర్ స్టేషనైనా చూపిస్తుంది, అవి వదిలేద్దాం. నా గొడవంతా గాలి పీడనం దిగితే వానొస్తుందని తెర మీద వచ్చే ఆ వాన మబ్బు బొమ్మతోనే.

కొన్న ఏడాది నవంబర్. సార్వా వరి కోశాం, పనలు ఇంకా చేలో ఆరుతున్నాయి. పొద్దున్న పదింటికి 1012 హెక్టోపాస్కల్ ఉన్న గాలి పీడనం (పాత మిల్లీబార్ కూడా ఇదే) సాయంత్రం నాలుగింటికి 1008కి దిగింది. పక్కనే మబ్బు, చినుకులు! కోనసీమ వాళ్ళకి నవంబర్ అంటే 1996 నవంబర్ 6 తుఫాను గుర్తొస్తుంది. టెన్షన్ పట్టుకుంది. నాన్న వద్దంటున్నా ఎక్కువ కూలి ఇచ్చి, చీకటి పడేలోగా పచ్చి పనలే కుప్ప వేయించాను. తెల్లారితే ఫెళ్ళున ఎండ. కుప్పలో చెయ్యి పెడితే వేడి. విప్పి ఆరబెట్టడానికి మళ్ళీ కూలి. "నీ పెట్టెని అడగరా" అని నాన్న వారం పాటు దెప్పారు.

ఆ ఉక్రోషంతో పాత గ్రాఫులన్నీ తీశాను. రోజూ అదే వంపు: పదింటి ప్రాంతంలో ఎక్కడం, నాలుగింటి ప్రాంతంలో దిగడం, పగలూ రాత్రీ కూడా. మన పాయల్లో నీటికి పోటూ పాటూ ఉన్నట్టే గాలికీ ఉంది; ఎండకి వాతావరణం వేడెక్కడమే కారణం. ఉష్ణమండలంలో అది 3, 4 హెక్టోపాస్కల్ దాకా ఊగుతుంది, చలి దేశాల్లో బాగా తక్కువ. ఆ బొమ్మకి అక్కడి లెక్క పెట్టారేమోనని నా అనుమానం. ఇప్పుడు ఈరోజు పదింటి అంకెను నిన్న పదింటి అంకెతోనే పోలుస్తాను. తర్వాత ఓసారి వాయుగుండం వచ్చినప్పుడు, నాలుగింటికి దిగింది రాత్రి పదయినా ఎక్కలేదు. ఆ రోజు మాత్రం నాన్నే కూలీలకి ఫోన్ చేశారు.

సెట్టింగుల్లో అబ్సల్యూట్, రిలేటివ్ అని రెండు పీడనాలుంటాయి. మొదటిది ఉన్న చోట అసలు పీడనం, రెండోది సముద్ర మట్టానికి సరిచేసిన లెక్క. ఎనిమిది మీటర్ల ఎత్తుకి ఒక హెక్టోపాస్కల్ తేడా, కాబట్టి మా పల్లంలో రెండూ ఇంచుమించు ఒకటే. హైదరాబాద్‌లో మా బావ మాత్రం 950 చూసి మిషన్ పాడైందనుకున్నాడు.

వాన కొలతలో దీనికి తిరుగు లేదని ఊరంతా చెప్పాను. కిందటి జూలైలో కుండపోత పడుతుంటే సున్నా చూపించింది. గరాటులో కందిరీగ మట్టిగూడు కట్టింది. పేపర్లో అంకెతో కలవకపోవడం మాత్రం దీని తప్పు కాదు: ఇది అర్ధరాత్రికి లెక్క మూస్తుంది, వాతావరణ శాఖ పొద్దున్న 8:30కి.

చుట్టూ కొబ్బరి చెట్లు కాబట్టి మా గాలి వేగం అంకెలు పనికిరావు. చేను ఉండి, రోజూ రెండు పూటలా అంకె చూసే ఓపిక ఉంటే కొనచ్చేమో. బొమ్మ మీద నేనయితే స్టిక్కర్ అంటించేశాను.