జన్యు పరీక్ష రిపోర్టు చేతికొచ్చాక: ఒక విశ్వవిద్యాలయ పరిశోధనశాల అందించిన సేవ

నెల్లూరు పొగతోటలోని ఆసుపత్రులకు మూర్ఛ ఉన్న పిల్లలను తీసుకువెళ్లే కుటుంబాలకు జన్యువులను చదివే ఎక్సోమ్ పరీక్ష అన్న మాట ఇప్పుడు కొత్త కాదు. ఊదా రంగు మూత ఉన్న గొట్టంలో కాస్త రక్తం తీసి, రాష్ట్రం బయటి ల్యాబుకు పంపి, రూ.20 వేలకు పైనే తీసుకుని, కొన్ని వారాలకు ఇంగ్లీషులో ఒక పీడీఎఫ్ పంపుతారు. మా చెల్లెలి మనవడికి చేయించిన ఆ పరీక్ష గురించీ, అది తేల్చకుండా వదిలిన దాన్ని తర్వాత చేతిలోకి తీసుకున్న ఒక విశ్వవిద్యాలయ పరిశోధనశాల గురించీ ఈ సమీక్ష. మెదడు జబ్బులకూ జన్యువులకూ ఉన్న సంబంధాన్ని కంప్యూటర్ల మీద వెతికే ఆ పరిశోధనశాల పొరుగు రాష్ట్రంలో ఉంది.

ముందు కంపెనీ సంగతి. శాంపిల్ తీసుకోవడంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. రిపోర్టు మాత్రం చెప్పిన గడువు దాటి చాలా ఆలస్యంగా వచ్చింది. మన 300 కోట్ల అక్షరాల జన్యుక్రమంలో ప్రోటీన్ల తయారీకి సంబంధించిన నూటికి ఒకటి రెండు పాళ్లను మాత్రమే చదివే పరీక్ష ఇది. అందులో ఎస్‌సీఎన్1ఏ అనే, మూర్ఛతో సంబంధం ఉన్న జన్యువులో ఒక్క అక్షరం మారిందనీ, ఆ మార్పు ప్రాముఖ్యం తేలలేదనీ రాశారు. 2015 నాటి అమెరికా మార్గదర్శకాల ప్రకారం ఇటువంటి మార్పులను జబ్బు తెచ్చేది మొదలు హాని లేనిది వరకు ఐదు తరగతులుగా విభజిస్తారు. మాకు వచ్చింది సరిగ్గా నడిమి తరగతి, అటూ కాదు, ఇటూ కాదు. ధరలోనే కౌన్సెలింగ్ కూడా కలిసి ఉందని బిల్లు మీద ఉన్నది గాని, ఫోన్ చేసినవారు రిపోర్టులోని వాక్యాలనే మళ్లీ చదివి వినిపించారు. తల్లిదండ్రుల రక్తం కూడా చూస్తే తేలవచ్చునన్న ముఖ్యమైన మాట చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది.

ఆ మాటను పట్టుకున్నది మా డాక్టరు గారు. ఆయన రాసిచ్చిన ఉత్తరంతోనే పరిశోధనశాల తలుపు తెరుచుకుంది. వారు అడిగిన మొదటి వస్తువు రిపోర్టు కాదు, దాని వెనుక ఉన్న ముడి డేటా, అంటే యంత్రం చదివిన అక్షరాలన్నీ ఉండే ఫాస్ట్‌క్యూ ఫైళ్లు. వాటిని ఇవ్వడానికి కంపెనీ మమ్మల్ని చాలా తిప్పించుకుంది. డబ్బు కట్టే రోజునే ముడి డేటా ఇస్తామని రాయించుకోవడం మంచిదని ఈ పరీక్షకు వెళ్లే ప్రతివారికీ చెబుతాను.

పరిశోధనశాల అనగానే గాజు గొట్టాలను ఊహించుకుని వెళ్లాము. ఉన్నది ఒక పొడవాటి గది, బల్లల మీద జంట తెరలు, తలకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్న కుర్రవాళ్లు. రక్తం నుంచి డీఎన్ఏ తీసే ఇద్దరు టెక్నీషియన్లు కింది అంతస్తులో ఉంటారు. ప్రొఫెసర్ గారు పలకరించి, అనుమతి పత్రం మీద సంతకాలు చేయించి వెళ్లిపోయారు; ఆ పత్రం తెలుగులో లేకపోవడం నాకు నచ్చలేదు. అసలు పని చేసింది పీహెచ్‌డీ చేస్తున్న ఒక విద్యార్థిని. ఆమెది ఉదయగిరి వైపు కావడం మా అదృష్టం.

తల్లిదండ్రుల రక్తం కూడా చదివి ఫలితం వచ్చాక ఆమె బిడ్డ తల్లిని, అంటే మా కోడలిని, పక్కన కూర్చోబెట్టుకుని తెర చూపించింది. ఒకదాని కింద ఒకటిగా బూడిద రంగు గీతలు పేర్చి ఉన్నాయి. ఒక్కొక్క గీత యంత్రం చదివిన ఒక్కొక్క డీఎన్ఏ ముక్క. బిడ్డ ఫైలులో ఒకే ఒక్క చోట, సుమారు సగం గీతల మీద, మారిన అక్షరం, ఎర్రటి టి, నిలువుగా కనబడింది. అదే చోట తండ్రి ఫైలులో ఒక్క ఎరుపూ లేదు, తల్లి ఫైలులోనూ లేదు. “అక్కా, ఇది మీ ఇద్దరిలో ఎవరి నుంచీ వచ్చినట్టు లేదు, బాబులోనే కొత్తగా పుట్టిన మార్పు” అని చెప్పింది. మా కోడలిది మేనరికం సంబంధం. బిడ్డకు జ్వరంతో మొదటిసారి ఫిట్స్ వచ్చిన నాటి నుంచి బంధువులు మా కోడలి ముందే మేనరికం మీద నెపం వేస్తూ వచ్చారు. మేనరికం వల్ల కొన్ని జబ్బుల ముప్పు పెరిగే మాట నిజమే గాని, ఈ జబ్బుకు అది కారణం కాదు. నా దృష్టిలో ఈ సేవ మొత్తంలో అన్నిటికన్నా విలువైనది ఆమె చెప్పిన ఆ వాక్యమే.

ఆమె అక్కడితో ఆగలేదు. 8 లక్షల మందికి పైగా జన్యు సమాచారం ఉన్న నోమాడ్ అనే అంతర్జాతీయ భాండాగారంలోనూ, తమకు అందుబాటులో ఉన్న భారతీయుల డేటాలోనూ ఈ మార్పు లేదని చూపించింది. విదేశీయుల్లో అరుదుగా కనబడేది మనవారిలో మామూలు కావచ్చు గనుక రెండోదీ చూడాలట. 10 వేల మంది భారతీయుల జన్యుక్రమాలు చదివిన జీనోమ్ ఇండియా వంటి పథకాల ఉపయోగం నాకు అప్పుడే అర్థమైంది. మెదడు కణాలను రంగు చుక్కలుగా పరిచిన మరో పటం తెరిచి, ఎస్‌సీఎన్1ఏ ముఖ్యంగా మెదడుకు బ్రేకులు వేసే కణాలలో అవసరమనీ, మూర్ఛకు వాడే కార్బమజెపైన్ వంటి మందులు ఆ బ్రేకునే ఇంకా బలహీనపరచి ఫిట్స్ పెంచవచ్చుననీ వివరించింది. మందు గురించి మాత్రం తాము ఏమీ చెప్పకూడదనీ, డాక్టరు గారితోనే మాట్లాడమనీ స్పష్టంగా చెప్పింది. ఆయన మందు మార్చారు.

లోపాలూ ఉన్నాయి. పరిశోధనశాల ఇచ్చే ఫలితం వైద్య రిపోర్టు కాదు. అనుమానం ఉన్న చోటునే విడిగా చదివే సాంగర్ పద్ధతిలో, గుర్తింపు ఉన్న ల్యాబులో మళ్లీ నిర్ధారించుకోవాలి, ఆ ఖర్చు మనదే. డబ్బు తీసుకోరు గనుక తొందర పెట్టే హక్కూ మనకు ఉండదు. నడుమ మా ఫైలు చూస్తున్న ప్రాజెక్టు అసిస్టెంట్ కాంట్రాక్టు ముగిసి వెళ్లిపోగా, కొంతకాలం ఈ-మెయిళ్లకు జవాబే రాలేదు. ఇంతటి పని చేసేవారిని ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగాల్లో ఉంచడం ఏ లెక్కనో నాకు తెలియదు.

పరీక్షలో ఏదో ఒక మార్పు కనబడి అర్థం తేలనివారికి, ఉత్తరం రాసిచ్చే డాక్టరు ఉన్నవారికి, ఈ దారి పట్టమనే చెబుతాను. అసలు ఏ పరీక్షా చేయించనివారికి ఇది తొలి మెట్టు కాదు. రెండో బిడ్డకు కూడా వస్తుందా అని మా కోడలు అడిగితే, అవకాశం తక్కువే గాని, తల్లిదండ్రులలో ఒకరికి కొన్ని కణాలలో మాత్రమే ఆ మార్పు దాగి ఉండవచ్చు గనుక సున్నా అని చెప్పలేమన్నారు. గర్భం నిలిచిన తొలి నెలల్లోనే జెనెటిక్ కౌన్సెలర్‌ను కలవమని కాగితం మీద రాసిచ్చారు.