డ్రైవ్ పోయిన సర్వర్: నడుస్తుండగానే మార్చాలా, ఆపి మార్చాలా?

విజయవాడ సూర్యారావుపేటలోని డయాగ్నొస్టిక్ కేంద్రాల నుంచి గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల దాకా, చిన్న సర్వర్ రూములు చూసుకునేవారు తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. రెయిడ్ 5లో (ఒక డ్రైవ్ పోయినా డేటా దక్కేలా, దాన్ని పలు డ్రైవ్‌లకు పంచి ఉంచే పద్ధతి) ఒక డ్రైవ్ చెడిపోయి నారింజ రంగు లైటు వెలిగినప్పుడు దాన్ని అప్పటికప్పుడే మార్చడం మేలా, రాత్రి పని ముగిశాక షట్‌డౌన్ చేసి మార్చడం మేలా? ఏది ఎంచుకున్నా, ముందుగా తాజా బ్యాకప్ తెరుచుకుంటుందో లేదో చూసుకోవాలి.

కరెంటు ఉండగా డ్రైవ్ లాగితే బోర్డు కాలిపోతుందన్న భయం హాట్ స్వాప్ ట్రేల (సర్వర్ నడుస్తుండగానే డ్రైవ్ మార్చేందుకు వీలుగా చేసిన అరల) విషయంలో అక్కర్లేదు. డ్రైవ్‌ను సర్వర్‌కు కలిపే శాస్, శాటా కనెక్టర్లలో గ్రౌండ్ పిన్నులు మిగతావాటికంటే పొడవుగా ఉండి ముందుగా, ఆ వెంటనే విద్యుత్తును మెల్లగా అందించే ప్రీ-ఛార్జ్ పిన్నులు తగులుతాయి కాబట్టి, విద్యుత్తు ఒక్కసారిగా దూకదు.

ఆపి మార్చడంలో ఒక సుగుణం ఉంది: తొందర ఉండదు. అయితే ఏళ్ల తరబడి ఆగకుండా తిరిగిన హార్డ్ డ్రైవ్‌లు ఒకసారి ఆగి చల్లబడ్డాక మళ్లీ తిరగడానికి మొరాయించే ప్రమాదం ఉంది. రెయిడ్ 5లో ఒకటి పోయాక మిగిలినవన్నీ బతికి ఉంటేనే డేటా దక్కుతుంది. ఆ స్థితిలో వాటన్నిటినీ ఆపి లేపడం నాకు అనవసరమైన సాహసంగా తోస్తుంది. పైగా పవర్ తీయగానే చెడ్డ డ్రైవ్‌ను చూపే లైటు కూడా ఆరిపోతుంది.

నా దృష్టిలో అసలు నిర్ణయం ఇక్కడే ఉంది: చెయ్యి సరైన డ్రైవ్ మీద పడాలి. చాలా కంట్రోలర్లు (సర్వర్‌లో డ్రైవ్‌లను నడిపించే భాగాలు) స్లాట్లను సున్నా నుంచి లెక్కిస్తాయి, మనం ఒకటి నుంచి లెక్కిస్తాం. ఆ తేడాలో పక్కనున్న మంచి డ్రైవ్ లాగితే మొత్తం అర్రే (కలిసి పనిచేసే డ్రైవ్‌ల సమూహం) కూలుతుంది. సర్వర్ నడుస్తుంటే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌లో లొకేట్ నొక్కి, మిణుకుమంటున్న లైటును కళ్లారా చూసి, స్క్రీన్ మీది సీరియల్ నంబరును ట్రే మీద ముందే అంటించుకున్న చీటీతో సరిపోల్చుకోవచ్చు. ఆ తర్వాత లివర్ తెరిచి, ట్రేను కొద్దిగా మాత్రమే ముందుకు లాగి, లోపల తిరుగుడు ఆగేదాకా అర నిమిషం ఆగి, పూర్తిగా బయటికి తీయాలి. కొత్తది అదే రకానిదై, సామర్థ్యంలో పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి. లివర్ టక్కుమని మూసుకున్నాక చాలా కంట్రోలర్లు రీబిల్డ్‌ను (పోయిన డేటాను కొత్త డ్రైవ్‌లో తిరిగి కూర్చడాన్ని) వాటంతటవే మొదలుపెడతాయి; ఆపి మార్చినప్పుడు కొన్నింటిలో దాన్ని మనమే మొదలుపెట్టవలసి వస్తుంది.

కనుక హాట్ స్వాప్ ఉన్నచోట నేను నడుస్తుండగానే మార్చడం వైపే మొగ్గుతాను. రీబిల్డ్‌కు పట్టే కాలం మాత్రం తక్కువేమీ కాదు. 8 టెరాబైట్ల డ్రైవ్‌కు సెకనుకు 200 మెగాబైట్ల వేగం నిలకడగా అందినా 11 గంటలు పడుతుంది, పని జరుగుతుంటే ఇంకా ఎక్కువ. అంతసేపూ మిగిలిన డ్రైవ్‌లన్నీ ఎడతెగకుండా చదువుతూ వేడెక్కుతాయి కాబట్టి, మే నెలలో ఈ పని పెట్టుకునేవారు రాత్రి ఏసీ ఆపవద్దని కాపలాదారుకు ముందే చెప్పాలి, యూపీఎస్ బ్యాటరీలనూ చూసుకోవాలి.

హాట్ స్పేర్ (ఒకటి చెడిపోగానే దాని స్థానం తీసుకునేలా సర్వర్‌లో ముందే సిద్ధంగా ఉంచిన అదనపు డ్రైవ్) సంగతి చెప్పాలంటే, ఖాళీ స్లాటు, డబ్బు ఉంటే పెట్టుకోవడం మంచిదే.

డ్రైవ్ ట్రేలో కాక లోపల స్క్రూలతో బిగించి, కేబుళ్లతో కలిపి ఉంటే మాత్రం వేరే ఆలోచన వద్దు. సీరియల్ నంబరు రాసుకుని, బ్యాకప్ చేతిలో పెట్టుకుని, ఆపిన తర్వాతే మూత తెరవాలి.