ఫారం ముందా, మాట ముందా?

సామాజిక కార్యకర్తగా హైదరాబాద్‌లోని బోరబండ బస్తీల్లో ఇంటింటికీ తిరిగేటప్పుడు, ముందు ఫారం నింపడం, ముందు కూర్చుని వినడం, రెండు పద్ధతులూ చేసి చూశాను. మొదటిది, గుమ్మంలోనే ఫారం తీసి పేరు, ఆధార్, ఆదాయం, పిల్లలు బడికి వెళ్తున్నారా అని వరుసగా అడిగేయడం. తొందరగా అయిపోతుంది, రేషన్ కార్డు, పింఛను లాంటి పనికైతే అదే చాలు.

కానీ ఇంట్లో గొడవలు, తాగుడు, బడి మానేసిన పిల్ల లాంటి విషయాలకు అది పనికిరాదు. ఒకావిడ "అంతా మంచిగనే ఉంది మేడం" అంటూనే కొంగు వేలికి చుట్టి విప్పుతోంది, రాసుకునే తొందరలో నేను పట్టించుకోలేదు. రెండోసారి వెళ్లినప్పుడు పెన్ను సంచిలోనే ఉంచి కూర్చున్నాను. ఆమె చెప్పింది విని, "అంటే రాత్రిళ్లు భయమేస్తోందా అక్కా?" అని అడిగి ఆగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంతా చెప్పింది. 1957లో మనస్తత్వవేత్తలు కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ యాక్టివ్ లిజనింగ్ అన్నది దీన్నే: మాటతో పాటు దాని వెనకున్న బాధనూ విని, మనకు సరిగ్గా అర్థమైందో లేదో వాళ్లనే అడగడం.

ఇందులో కష్టమంతా మనతోనే. "అలాంటి మొగుణ్ణి వదిలేయొచ్చు కదా" అనే మాట నా నోటిదాకా వచ్చింది, అది నా కోపమే కానీ ఆమె అడిగిన సాయం కాదు. అది గమనించుకోకపోతే వినడం ఆగి తీర్పు మొదలవుతుంది. ఇంకోటి, "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకూడదు. పిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, ఆ విషయం ముందే చెప్పేయాలి. నేనైతే ఇప్పుడు, అత్యవసరమైతే తప్ప, ఫారం రెండో విజిట్‌లోనే తీస్తున్నాను.